హేమంతము నేర్పు సంతోషము

ఋతువులు ఆరు. వానిలో వసంతమును కవులు కొనియాడుదురు. వర్షర్తువునకై కృషీవలులు ఎదురుచూతురు. శరత్కాలపు వెన్నెలను మెచ్చుకొననివారు లేరు. చలికాలమును మాత్రము మనము సాధారణముగా ఓర్చుకొనవలసిన కాలముగనే తలచుచుందుము. తెల్లవారుజామున పొగమంచు వీధిని కప్పియుండును. నీరు తాకినచో వ్రేళ్లు కొంకర్లు పోవును. ప్రొద్దు త్వరగా క్రుంకును. ఇట్టి కాలమునందు ఆనందించుటకు ఏమున్నదని అడుగువారు పెక్కుమంది కలరు.

అయినను మన పూర్వులు ఈ కాలమునే ప్రత్యేకముగా భగవంతునకు అర్పించిరి. గీత పదియవ అధ్యాయమున శ్రీకృష్ణ భగవానుడు తన విభూతులను వివరించుచు, మాసములలో తాను మార్గశీర్షమునని పలికెను. మార్గశీర్ష పుష్యములు రెండును కలిసినదే హేమంతము. సూర్యుడు ధనూరాశియందు సంచరించు కాలము, అనగా డిసెంబరు నడిమి నుండి జనవరి నడిమి వరకు, ధనుర్మాసము. ఆ నెలయందు తిరుమల ఆలయమున సుప్రభాతమునకు బదులుగా తిరుప్పావై పఠింపబడును. సంవత్సరమంతటిలో నిద్ర లేచుటకు మిక్కిలి కష్టమైన నెలనే మేలుకొలుపునకు ఏర్పరచుటలో ఒక భావమున్నది.

ఈ పాఠమున మనము విచారింపవలసిన ప్రశ్న యిది: ఋతువునకు తగిన నిరాడంబర జీవనమువలన కలుగు సంతోషము ఎట్టిది? అది ఎప్పుడు ధర్మమగును? ఎప్పుడు సుఖముగా నున్నవాని ఊరక మాట యగును?

సూర్యుడు సమీపముననే యున్నాడు

చలి ఏల కలుగును? సూర్యుడు మనకు దూరముగా పోవుటవలన కలుగునని పెక్కుమంది తలంతురు. వాస్తవము ఇందుకు విరుద్ధము. భూమి సూర్యునకు అత్యంత సమీపముగా నుండునది జనవరి మొదటి వారముననే. అప్పుడు ఆ రెంటి నడుమ దూరము సుమారు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్లు. జూలై మొదటి వారమున అది సుమారు 15 కోట్ల 21 లక్షల కిలోమీటర్లు. అనగా మనము చలికి వడకుచున్న దినములలోనే సూర్యుడు మనకు దాదాపు ఏబది లక్షల కిలోమీటర్లు ఎక్కువ దగ్గరగా నున్నాడు!

మరి చలికి కారణమేమి? భూమి యొక్క ఒరగుదల. భూమి తన కక్ష్యయందు నిట్టనిలువుగా లేదు. సుమారు 23.4 డిగ్రీలు ఒరిగి తిరుగుచున్నది. హేమంతమున మనమున్న ఉత్తరార్ధగోళము సూర్యునినుండి పెడగా వాలియుండును. కిరణములు ఏటవాలుగా పడును. పగలు కుదించుకొనిపోవును. వెలుగునిచ్చువాడు దూరము కాలేదు. వెలుగు నందుకొనువారు ప్రక్కకు ఒరిగినారు.

సాధకునకు ఇంతకంటె చక్కని దృష్టాంతము ఏమి కావలెను? మనస్సు నీరసించి, జపమున రుచి తప్పి, లోకమంతయు చల్లబడినట్లు తోచినప్పుడు భగవంతుడు మనకు దూరమైనాడని మనము దుఃఖింతుము. ఆయన ఎచటికిని పోలేదు. ఒరిగినది మన మనస్సు. హేమంతపు ప్రత్యూషమున దుప్పటి తొలగించి, లేచి, తూర్పునకు తిరిగి నిలుచుటయందలి అర్థము ఇదియే. శరీరమును ఒకింత శ్రమపెట్టి మనస్సును సూర్యాభిముఖముగా త్రిప్పుకొనుట.

ఋతువు ఇచ్చినది చాలునను బుద్ధి

పల్లెలలో చలికాలపు గృహమును ఒకమారు స్మరింపుడు. కొత్త బియ్యము ఇంటికి వచ్చియుండును. కంది కాయలు, అనపకాయలు, చిక్కుళ్లు, గుమ్మడికాయలు, రేగుపండ్లు, చెరకు, నువ్వులు, కొత్త బెల్లము: ఇవియన్నియు ఆ నేలపై ఆ దినములలో లభించునవే. రాయలసీమలో భోగినాడు నువ్వులద్దిన సజ్జ రొట్టె, తెలంగాణమున సంక్రాంతికి నువ్వులు కలిపిన సకినాలు, కోస్తాజిల్లాలలో అరిసెలు చేసికొందురు. ఏ ప్రాంతమునకు ఆ ప్రాంతమే తన పంటనుండి పండుగను వండుకొనినది.

ఇందులో రుచి మాత్రమే కాదు, జ్ఞానమును కలదు. చరకసంహిత సూత్రస్థానము ఆరవ అధ్యాయమున ఋతుచర్య చెప్పబడినది. హేమంతమున వెలుపలి చలిచేత లోపలి అగ్ని నిరోధింపబడి బలముగా నుండుననియు, దానికి తగిన ఆహారమను ఇంధనము లభింపనిచో అది శరీరమందలి రసమునే హరించుననియు ఆ గ్రంథము బోధించుచున్నది. కావుననే నువ్వులు, బెల్లము, నేయి ఈ కాలమున హితములైనవి. తైలాభ్యంగనము, ఎండ కాచుకొనుట మున్నగునవియు విహితములైనవి. నిరాడంబరత్వమన శరీరమును హింసించుట కాదు. అతిగా భుజించువానికిని, బొత్తిగా భుజింపనివానికిని యోగము సిద్ధింపదని గీత ఆరవ అధ్యాయమున స్పష్టపరచినది. ఋతువు కోరినదానిని ఋతువు ఇచ్చినదానితో తీర్చుట, ఆపై కోరకుండుట: ఇదియే నిరాడంబరత్వము.

మన వాకిలి ముగ్గును చూడుడు. అది వరిపిండితో వేయబడినప్పుడు కన్నులకు పండుగ, చీమలకు విందు. ముగ్గు నడుమ నిలిపిన గొబ్బెమ్మపై గుమ్మడిపువ్వు. ఆ గొబ్బెమ్మలు పూజానంతరము గోడపై పిడకలగును. ఎండిన ఆ పిడకలను దాచి, మాఘశుద్ధ సప్తమినాడు, రథసప్తమీ దినమున, వానిపై పరమాన్నము వండి చిక్కుడాకులలో సూర్యభగవానునకు నివేదింతురు. ఒక్క పేడముద్ద వాకిటి యలంకారమై, పూజాద్రవ్యమై, వంటచెరకై, తుదకు నైవేద్యమునకు సాధనమైనది. ఇందులో ధనము వ్యయమైనదెంత? ఆనందము కలిగినదెంత? వస్తువు హెచ్చినకొలది ఆనందము హెచ్చుననుకొనువారు ఈ లెక్కను ఒకమారు వేసికొనవలెను.

పతంజలి మహర్షి సంతోషమును నియమములు ఐదింటిలో నొకటిగా పరిగణించెను. సంతోషమువలన సాటిలేని సుఖము లభించునని ఆయన సూత్రీకరించెను. ఇచట ఒక సూక్ష్మమున్నది. సుఖము కలిగిన పిదప సంతోషింపుమని ఆయన చెప్పలేదు. సంతోషమును అభ్యసింపుము, సుఖము దాని వెంట వచ్చునని చెప్పెను. కావున సంతోషము అదృష్టము కాదు, అభ్యాసము. అభ్యాసమునకు వసంతముకంటె హేమంతమే తగిన పాఠశాల. ఏలయన, అన్నియు అనుకూలముగా నున్నప్పుడు సంతసించుటలో అభ్యాసమేమున్నది?

గోదాదేవి వ్రతము

నిరాడంబరముగా జీవించుట ఏకాంత సుఖము కొరకు కాదని నేర్పిన తల్లి గోదాదేవి. శ్రీవిల్లిపుత్తూరున వెలసిన ఈ భక్తురాలు ముప్పది పాశురములలో మార్గళి వ్రతమును గానము చేసెను. ఆమె చరిత్రనే శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదయందు తెలుగు కావ్యముగా రచించెను.

ఆ వ్రతము యొక్క క్రమమును గమనింపుడు. ఆరంభమున, రెండవ పాశురమున, గోపకన్యలు కొన్నింటిని విడుతురు. నేయి భుజింపరు, పాలు త్రాగరు, కాటుక పెట్టుకొనరు, పూలు ముడువరు, చాడీలు చెప్పరు. తెల్లవారకమునుపే స్నానము చేయుదురు. అంతటితో ఆగలేదు. అదే పాశురమున, యాచించువారికి చేతనైనంత పెట్టుదుమని సంకల్పము చేసికొందురు. తుదకు ఇరువదియేడవ పాశురమున, విడిచిన నేయియు పాలును మరల వచ్చును. మోచేతివరకు నేయి జారునంత సమృద్ధిగా క్షీరాన్నమును అందరును కూడియుండి భుజింతురు.

మొదట విడుచుట, నడుమ పెట్టుట, తుద కూడి భుజించుట. ఈ మూడును ఒకే వ్రతము యొక్క అంగములు. నడిమిది లోపించినచో మొదటిది కేవలము ఆరోగ్యసూత్రమగును, తుదిది కేవలము విందగును. నెయ్యి మానినందున మనకు పుణ్యము వచ్చునో రాదో గాని, మానిన నెయ్యి ఎవరి విస్తరిలో పడినదను ప్రశ్న మాత్రము మిగిలియుండును. ధనుర్మాసమున చిడతలు వాయించుచు, శిరస్సుపై అక్షయపాత్రతో వీధివెంట వచ్చు హరిదాసు ఈ ప్రశ్ననే ప్రతి గుమ్మమునకు తెచ్చుచున్నాడు. పిల్లలచేత ఆయన పాత్రయందు దోసెడు బియ్యము పోయించు తల్లి, తెలిసియో తెలియకయో, గోదాదేవి వ్రతమును తన బిడ్డకు నేర్పుచున్నది.

ఒక రాత్రి నేర్చిన పాఠము

ఇంతవరకు చెప్పినది నేను గ్రంథములవలనను పెద్దలవలనను నేర్చినది. ఇక చెప్పబోవునది మరియొక విధముగా నేర్చినది.

కొన్ని సంవత్సరములకు పూర్వము, పుష్యమాసమున, సంతోషమను నియమమును గూర్చి ప్రసంగించుటకు నన్నొక పట్టణమునకు పిలిచిరి. తలుపులు మూసిన మందిరమున సభ జరిగినది. నేను శాలువ కప్పుకొని గంటసేపు మాట్లాడితిని. చలిని ఓర్చుటలో గల ఆనందమును వర్ణించితిని. సభికులు తృప్తిపడిరి. నేనును తృప్తిపడితిని.

సభ ముగిసిన పిదప వాహనముకొరకు వెలుపల నిలుచుంటిని. ద్వారముకడ కాపలావాడు, అరువది యేండ్ల వృద్ధుడు, భుజములపై గోనెపట్ట వేసికొని, నాలుగు పుల్లలును ఎండుటాకులును ప్రోగుచేసి చలి కాచుకొనుచుండెను. నన్ను చూచి లేచి, తాను కూర్చున్న ఇటుకలను చూపి, "రండి బాబుగారూ, మంచు పడుతోంది, కాసేపు కాచుకోండి" అనెను. నేను కూర్చుంటిని. అతడు నిలువబడెను.

"నీకు దుప్పటి లేదా?" అని అడిగితిని.

"ఒకటుంది బాబూ. ఇంటికాడ మనవరాలికి కప్పి వచ్చాను" అనెను.

అతడు నన్ను ఏమియు యాచింపలేదు. మరునాడు ఉదయముననే అతనికొక కంబళి ఇచ్చి రావలెనని నిశ్చయించుకొంటిని. మరునాడు ఏదియో వ్రాతపని తటస్థించినది. ఆ మరునాడు అతిథులు వచ్చిరి. ఇట్లు నాలుగు దినములు గడచినవి. ఐదవనాటి రాత్రి కంబళితో వెళ్లితిని. అతడు ఆ మంటకడనే యుండెను. దగ్గుచుండెను. కంబళిని చేతితో నిమిరి, "ఇంత మంచిది నాకెందుకు బాబూ" అని నవ్వెను. ఆ నవ్వుకంటె దగ్గే నాకు ఎక్కువగా వినబడినది.

ఆ నాలుగు రాత్రుల ఆలస్యమునకు కారణమేమని నన్ను నేను ప్రశ్నించుకొంటిని. నాకు ద్రవ్యలోపము లేదు. దుర్బుద్ధియు లేదు. కారణ మొక్కటే. ఆ రాత్రులలో నాకు చలి వేయలేదు.

'చాలు' అనదగినవాడెవడు?

మన భోజనమర్యాద యొకటి ఈ విషయమును చక్కగా బోధించును. పంక్తిలో 'చాలు' అను మాటను తినువాడు అనవలెను. వడ్డించువాడు అనరాదు. తినువాడు 'చాలు' అనిన అది మితము. వడ్డించువాడు 'నీకు చాలు' అనిన అది లోభము. మాట ఒక్కటే, పలుకు నోరు మారగనే ధర్మము మారిపోయినది.

సంతోషమును గూర్చిన బోధయు ఇట్టిదే. అది ప్రతివాడును తనకు తాను చెప్పుకొనవలసినది. వడకుచున్నవానికి తితిక్షను బోధించుట, పస్తున్నవానికి మితాహారమును ఉపదేశించుట శాస్త్రమును తలక్రిందులు చేయుట. శీతోష్ణములు వచ్చి పోవునవి, వానిని ఓర్చుకొనుమని భగవానుడు గీత రెండవ అధ్యాయమున ఆనతిచ్చెను. అయితే ఆ మాట నీ చలిని గూర్చి చెప్పినది, ఎదుటివాని చలిని గూర్చి కాదు. తాను ఎన్నుకొనిన నిరాడంబరత్వము వ్రతము. తప్పించుకొన వీలులేని లేమి వ్రతము కాదు, బాధ. ఈ రెంటికిని గల భేదమును మరచినవాని సంతోషము ధర్మము కానేరదు.

హేమంతమున జఠరాగ్ని బలీయమని చరకుడు చెప్పిన మాటను ఇచట మరల స్మరింపుడు. ఆ అగ్ని ధనికునకు ఒకటి, దరిద్రునకు ఒకటి కాదు. చలికాలమున మన ఆకలి పెద్దదైనచో పేదవాని ఆకలియు పెద్దదే.

కాలమెరిగిన దానము

గీత పదునేడవ అధ్యాయమున సాత్త్విక దానమునకు లక్షణము చెప్పబడినది. ప్రత్యుపకారమును కోరక, ఇవ్వవలెనను భావముతో, తగిన దేశమున, తగిన కాలమున, తగిన పాత్రునకు ఇచ్చునదే సాత్త్వికము. 'తగిన కాలము' అనగా పర్వదినములని, గ్రహణములని మనము అర్థము చెప్పుకొందుము. అది సరియే. కాని కాలమనగా ఋతువు కూడ. వైశాఖమున ఇచ్చిన మజ్జిగ ఎట్టిదో పుష్యమున ఇచ్చిన కంబళి అట్టిది. అదే కంబళి నాలుగు దినములు ఆలస్యమైనచో, ఆ నాలుగు రాత్రుల మట్టునకు అది ఇవ్వనిదే.

హిమాలయములలో బదరీనాథ క్షేత్రము ఈ భావమునకు ఆలవాలము. ప్రతి సంవత్సరము నవంబరు నెలలో ఆలయద్వారములు మూయబడును. శీతకాలపు పూజలు దిగువనున్న జోషీమఠమున జరుగును. వసంతము గడచుచుండగా ద్వారములు మరల తెరవబడును. ద్వారములు మూయు దినమున, సమీపముననున్న మాణా గ్రామపు స్త్రీలు నేసిన ఉన్నికంబళిని నేతిలో తడిపి స్వామికి కప్పుదురు. సర్వవ్యాపియైన నారాయణునకు చలి యేమి? అయినను భక్తుని హృదయము అట్లు తర్కింపదు. స్వామిని మంచులో విడిచి వచ్చుట దానికి సహింపరానిది. స్వామికి కంబళి కప్పిన ఆ చేతులే, వీధి అరుగుపై ముడుచుకొని పరుండినవానియందు ఆ స్వామినే చూచి కప్పగలిగినప్పుడు భక్తి పూర్ణమగును.

ఆచరణమునకు కొన్ని నియమములు

పాఠము చదివినంతమాత్రమున ఫలమీయదు. కావున ఈ చలికాలమున గృహస్థులు పాటింపదగిన కొన్ని నియమములను సూచించుచున్నాము.

1. ఈ నెల దినములలో వారమున కొన్ని రోజులైనను సూర్యోదయమునకు పూర్వము లేచి, కొంతసేపు తూర్పుముఖముగా మౌనముగా కూర్చుండవలెను. వృద్ధులు, రోగులు, పసిబిడ్డలు చన్నీటి స్నానమునకై పంతము పట్టరాదు. వారికి వేడినీటి స్నానమే నియమము.

2. ఇష్టమైన వస్తువు నొకదానిని నెలదినములు మానవలెను. దాని వెలను విడిగా నుంచి, నెల మధ్యముననే, తుదివరకు ఆగక, ఒక కంబళికో ఒకరి భోజనమునకో వినియోగింపవలెను.

3. ఇంటిలో వాడక పెట్టెలలో నున్న దుప్పట్లను, ఉన్నివస్త్రములను ఉతికి, ఎండబెట్టి, చలి ముదరకమునుపే ఇచ్చివేయవలెను. చినిగినవానిని ఇచ్చుట దానము కాదు.

4. పండుగ వంట ఋతువు ఇచ్చినదానితో చేసికొని, ఇంటిలో పనిచేయువారితోను, వీధి కాపలావారితోను కూడి భుజింపవలెను.

5. భోగిమంట యందు పాత కట్టెలు, పిడకలు మాత్రమే వేయవలెను. రబ్బరును ప్లాస్టిక్కును కాల్చిన పొగ విషము. అట్లే మూసిన గదిలో కుంపటి పెట్టుకొని నిద్రించుట ప్రాణాపాయకరము. బొగ్గులనుండి వెలువడు విషవాయువునకు రంగును లేదు, వాసనయు లేదు. ఈ విషయమును తెలియనివారికి తెలుపుటయు దానమే.

ముగింపు

హేమంతము మనకు నేర్పునది మరియొకటి కలదు. డిసెంబరు 21 లేక 22వ తేదీన పగలు అన్నింటికంటె చిన్నది. ఆ మరునాటినుండియే పగలు పెరుగనారంభించును. అయినను చలి తగ్గదు. ఇంకను కొన్ని వారములు అది ముదురుచునే యుండును. ఏలయన, వెలుగు పెరుగుచున్నను, భూమి పొందుచున్న వేడికంటె కోల్పోవుచున్న వేడి ఇంకను ఎక్కువగా నుండును. సంక్రాంతి దాటి రథసప్తమి సమీపించుసరికి గాని ఎండ మనకు వెచ్చగా తోచదు.

సాధనయు ఇట్లే యుండును. లోపల వెలుగు త్రిప్పుకొనిన దినముననే వెలుపల వెచ్చదనము కనబడదు. త్రిప్పుకొనుట నిజమైనచో అది రాక మానదు. అంతవరకు మనకు చేయదగిన పనులు రెండు: మన విస్తరియందు 'చాలు' అనుట, ఎదుటి విస్తరియందు 'ఇంకొంచెము' అనుట. ఈ రెండు మాటలను నేర్చినవానికి ఏ ఋతువైనను ఆనందమునే తెచ్చును.

మననమునకు

నాకు చలి వేయనందున నేను మరచినవారెవరు?

ఈ నెల నేను విడిచిన వస్తువు ఎవరికి చేరినది?

నేను ఇతరులకు బోధించుచున్న తృప్తిని నాకై ఎంతవరకు అభ్యసించితిని?